ఒక్క పేరుతో రెండు కాళ్లు

ఉప్పలయ్యకు చేసిచ్చిన కాలు సరిపడలేదు. ఆ సంగతి వర్క్‌షాపులో అందరికంటే ముందు ఎలిజబెత్‌కే తెలిసింది. తలుపు దగ్గర కూర్చునేది ఆమే మరి.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, గోదాముల వెనక సందులో ఉంటుంది ఆ వర్క్‌షాపు. ముందు చిన్న బిల్డింగు, వెనక రేకుల షెడ్డు. కృత్రిమ కాళ్లు తయారు చేస్తారక్కడ. కింది గదిలో కొలతలు తీస్తారు, పై గదిలో కంప్యూటర్ మీద డిజైన్ గీస్తారు, షెడ్డులో మిషన్‌తో అచ్చు చెక్కి, దాని మీద కాగిన ప్లాస్టిక్ పరిచి కాలు తీస్తారు. ఎలిజబెత్ పేరుకు రిసెప్షనిస్టు. ఫోన్లు ఎత్తుతుంది, వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి కూర్చోబెడుతుంది. కంప్యూటర్లు మొరాయిస్తే అందరూ పిలిచేది కూడా ఆమెనే.

ఉప్పలయ్యది అన్నోజిగూడ. వరంగల్ హైవే పక్కన పంక్చర్ షాపు. నిరుడు ఎండాకాలం రోడ్డు పక్కన లారీ టైరు మారుస్తుంటే వెనక నుంచి ఇంకో బండి వచ్చి గుద్దింది. ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు. ఆ రోజు ఆయన చంకకర్రల మీద వర్క్‌షాపు మెట్లెక్కాడు. కొత్త కాలు భార్య సత్తమ్మ చేతిలో, పాత టవల్లో చుట్టి ఉంది.

"ఏమైందన్నా? తొడుక్కోలేదేంది?" అంది ఎలిజబెత్ కుర్చీ జరుపుతూ.

"ఏం తొడుక్కోవాలె చెల్లె. పుండు లేసింది. అడుగేస్తే పానం పోతున్నది."

సత్తమ్మ టవల్ విప్పి కాలును టేబుల్ మీద పెట్టింది. "మీరు కొలిసింది మా ఆయన కాలేనా, ఇంకెవలదన్ననా? జర అడుగుండ్రి లోపల."

లోపలి నుంచి గౌతమి వచ్చింది. కృత్రిమ అవయవాల కోర్సు చదివి వచ్చిన అమ్మాయి, కొలతలు తీసేది ఆమే. ఉప్పలయ్య కాలు చూసి, చేసిన కాలు లోపల టేపు పెట్టి కొలిచి, మొహం వాడిపోయి నిలబడింది. ఉప్పలయ్యకు ఆమె రెండుసార్లు కొలతలు తీసింది. మొదటిసారి కాలికి వాపు ఉంది. వాపు తగ్గాక పిలిపించి మళ్లీ తీసింది. ఇప్పుడు టేబుల్ మీదున్న కాలు వాపు నాటి కొలతలతో చేసింది.

యజమాని రామచంద్రరావు అందరినీ పిలిచాడు. ఆయన ఇంజినీరు. సొంత తమ్ముడికి సరైన కాలు దొరక్క పడ్డ బాధ చూసి ఈ వర్క్‌షాపు పెట్టాడు. అరిచే మనిషి కాదు, కానీ ఆ రోజు ఆయన గొంతు మారింది.

"ఎట్లైందమ్మా ఇది?"

"రెండోసారి కొలిచి పృథ్వీకి ఇచ్చిన సార్" అంది గౌతమి.

పైన డిజైన్ గీసేది పృథ్వీ. "నేను మార్చి, పెన్‌డ్రైవ్‌ల వేసి షెడ్డుకు పంపిన సార్. పాతది నరేందరన్నకు అంతకుముందే వాట్సాప్‌ల పెట్టి ఉండె, అంతే."

షెడ్డు పెద్ద నరేందర్ చేతులకున్న పొడి దులుపుకున్నాడు. "నా మిషన్ల ఉప్పలయ్య పేరు మీద ఫైలు దొరికింది. చెక్కిన. అది పాతదని నాకెట్ల తెలుస్తది?"

ఒక్కరు చెప్పింది కూడా అబద్ధం కాదు. కుర్చీలో కూర్చున్న ఉప్పలయ్య అందరి మాటలూ విని, కోపం లేకుండానే అన్నాడు: "నాకు తెగిన కాలు ఒక్కటే గద సార్. మీ కాడ రెండెట్లైనయి?"

రామచంద్రరావు పుండు మానేదాకా మందులు తామే చూసుకుంటామని, కొత్త కాలు చేసిస్తామని చెప్పి, ఇద్దరినీ తన కారులో అన్నోజిగూడకు పంపించాడు.

సాయంత్రం స్కూటీ మీద ఇంటికి పోతూ ఎలిజబెత్ ఉప్పల్ రింగురోడ్డు సిగ్నల్ దగ్గర ఆగింది. పచ్చలైటు పడిందని వెనకవాళ్లు హారన్ కొట్టేదాకా ఆమెకు తెలియలేదు. ఉప్పలయ్య మాటే చెవిలో తిరుగుతోంది. ఒక ఫైలు గౌతమి కంప్యూటర్‌లో, ఒకటి పృథ్వీ దగ్గర, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి నరేందర్ ఫోన్‌లో. ఏది అసలుదో చెప్పగల మనిషి ఆ బిల్డింగులో లేడు. ఈసారి ఉప్పలయ్య. వచ్చే నెల ఇంకెవరో.

ఈ చిక్కుకు మందు ఆమెకు తెలుసు. అదే ఆమెను ఎక్కువ సలిపింది. తెలిసి కూడా ఇన్నాళ్లూ రిసెప్షన్ టేబుల్ వెనక కూర్చుంది.

ఎలిజబెత్ వాళ్లది ఆలేరు దగ్గర పల్లె. ఆమె చిన్నప్పుడే నాయన శాంతయ్య నాచారంలో గాజుసీసాల ఫ్యాక్టరీలో పనికి కుదిరి, కుటుంబాన్ని తెచ్చుకున్నాడు. డిగ్రీ అవుతూనే ఎలిజబెత్ మల్లాపూర్ వైపు ఒక దారం మిల్లు ఆఫీసులో చేరింది. ఆ ఆఫీసులో యూనిక్స్ అనే వ్యవస్థ మీద నడిచే సర్వర్ ఉండేది. లెక్కలు, స్టాకు, రంగుల వివరాలు అన్నీ దాంట్లోనే. ఎవరి టేబుల్ మీది కంప్యూటర్‌లో తెరిచినా అదే ఫైలు కనపడేది. దాన్ని చూసుకునే హృషికేశ్ సార్‌కు ఒక మనిషి సాయం కావలసి వచ్చింది. ఈ అమ్మాయికి ఓపిక ఉందని ఎంచుకున్నాడు. నల్ల స్క్రీన్ మీద కమాండ్లు కొట్టడం ఆమెకు ఆయనే నేర్పాడు. స్క్రీన్ మీద తప్పు వస్తే ఆమె భయపడి మూసేసేది. "మూయకమ్మా. అది నీతో మాట్లాడుతున్నది. చివరిదాకా చదువు" అనేవాడు.

మిల్లు మూతపడింది. హృషికేశ్ సార్ పుణే వెళ్లిపోయాడు. ఎలిజబెత్ కంప్యూటర్ కంపెనీల చుట్టూ తిరిగింది. ఇంజినీరింగ్ చదవలేదంటూ కొందరు, పెళ్లి చేసుకుని మానేస్తావంటూ కొందరు వెనక్కి పంపారు. శామ్యూల్‌ను చేసుకుని చెంగిచెర్లలో కాపురం పెట్టాక, కూతురు గ్రేసీ పుట్టాక, ఇంటికి దగ్గరని ఈ పనికి వచ్చింది. శామ్యూల్ బోడుప్పల్‌లో స్కూలు బస్సు నడుపుతాడు. భార్య ఎన్నడూ ఆ మిల్లు రోజుల గురించి బాధపడుతూ మాట్లాడలేదు కానీ, ఇంట్లో పాత కంప్యూటర్ మీద ఆదివారాలు ఏదో చేసుకుంటూ ఉండేది. అతను అడ్డం పోయేవాడు కాదు.

మరునాడు పొద్దున్నే ఆమె రామచంద్రరావు గది తలుపు తట్టింది.

"సార్, ఒక మాట. ఫైళ్లన్నీ ఒక్క కాడ పెడ్దాం. ఎవలు తెరిచినా అదే తెరుచుకోవాలె. పెన్‌డ్రైవ్‌లు బంద్ జేద్దాం."

"అందుకు సర్వర్ కావాలె కదమ్మా."

"స్టోర్‌రూంల పాత కంప్యూటర్ పడి ఉన్నది సార్. కొత్త డిస్కులు రెండేస్తే సాలు. దాంట్ల లినక్స్ పెడ్త. అది యూనిక్స్ తీరుదే. నాకొస్తది."

ఆయన కళ్లద్దాలు తీసి ఆమెను చూశాడు. ఇన్నేళ్లలో ఆమె తన కోసం ఏదీ అడగలేదు. "నీకొస్తదని నాకెన్నడు చెప్పలేదేంది?"

"ఎవలు అడగలే సార్."

"సరే, ఇప్పుడు అడుగుతున్న. చెయ్యి."

ఆ రాత్రి అన్నం తింటూ ఇంట్లో చెప్పింది. శామ్యూల్ మురిసిపోయాడు. వాళ్లతోనే ఉంటున్న శాంతయ్య మాత్రం ముద్ద ఆపి చూశాడు.

"సర్వరంటే హోటల్ల ఇడ్లీలు తెచ్చి పెట్టేటాయన గద బిడ్డా?"

గ్రేసీ పకపకా నవ్వింది. ఎలిజబెత్‌కు కూడా నవ్వొచ్చింది, కానీ ఆలోచిస్తే నాయన మాటలో తప్పేం కనపడలేదు. "గదే నాయినా. వంటిల్లు ఒక్కటే. టేబుళ్లు మస్తు. ఏ టేబులోళ్లు ఏమడిగినా ఆ ఒక్క వంటింట్లకెల్లి తెచ్చి పెడ్తది."

"మరి ఇప్పటిదాంక మీ ఆఫీసుల?"

"ఎవల టిఫిన్ డబ్బా వాళ్లదే. అందుకే ఉప్పలయ్యకు పాసిపోయిన కూడు పెట్టినం."

శాంతయ్య తలూపాడు. ఆయనకు అర్థమైంది.

పాత కంప్యూటర్‌ను దుమ్ము దులిపి మెట్ల కింద అరలో పెట్టింది. లినక్స్ ఎక్కించింది. రెండు డిస్కులు బిగించి, ఒకటి పాడైనా రెండోదాంట్లో అంతా ఉండేలా కట్టింది. అసలు పని తర్వాతిది. గౌతమి, పృథ్వీ, నరేందర్ దగ్గరున్నవి విండోస్ కంప్యూటర్లు. వాటికి అలవాటైన భాషలో యూనిక్స్ మాట్లాడదు. విండోస్ ఎలా అడిగితే అలా జవాబిచ్చే ప్రోగ్రాం ఒకటి సర్వర్ మీద నడవాలి. దాని పేరు సాంబా. అది నడుస్తుంటే, సర్వర్‌లోని ఫోల్డరు డెస్క్‌టాప్ మీద సొంత డ్రైవ్ లాగే కనపడుతుంది.

ఆ పేరు విని నరేందర్ షెడ్డులోంచి తొంగి చూశాడు. "ఏందీ, సాంబనా? చెల్లె, చర్చికి పోయేదానివి, శివయ్యను తెచ్చి మెట్ల కింద కూసోబెడ్తున్నవా?"

"ఎవలైతేంది అన్నా, ఫైలిస్తే సాలు" అంది ఆమె.

ఫైలు మాత్రం వెంటనే ఇవ్వలేదు. పృథ్వీ కంప్యూటర్‌లో ఫోల్డరు కనపడింది, తెరవబోతే అనుమతి లేదంది. ఎలిజబెత్ మధ్యాహ్నం దాకా తంటాలు పడింది. పృథ్వీ పక్కన నిలబడి గడియారం చూసుకున్నాడు. చివరికి ఆమె సర్వర్ రాసుకున్న సందేశాలు తెరిచి, పై నుంచి చివరిదాకా చదివింది. లినక్స్‌లో అందరి పేర్లూ ఎక్కించింది కానీ, సాంబాకు పాస్‌వర్డ్‌లు వేరుగా చెప్పాలన్నది మరిచిపోయింది. చెప్పింది. ఫోల్డరు తెరుచుకుంది. పృథ్వీ మొహంలో చిరాకు పోయి ఆశ్చర్యం వచ్చింది. కింద గౌతమి అప్పుడే సేవ్ చేసిన కొలత అతని ముందు ఉంది. మెట్లు దిగాల్సిన పని లేదు, ఎవరినీ అడగాల్సిన పని లేదు.

"మంచిగున్నదక్కా ఇది" అన్నాడు.

నరేందర్‌కు మంచిగా అనిపించలేదు. మొదటి వారంలోనే ఒక ఫైలు తెరిస్తే, ఇప్పుడు చూడటమే తప్ప మార్చటానికి వీల్లేదని వచ్చింది. విసురుగా ముందు గదికి వచ్చాడు.

"నా మిషన్ కాడ నన్నే ఆపుతదా? ఏంది చెల్లె ఈ లొల్లి?"

"పైన పృథ్వీ అదే ఫైలు మారుస్తున్నడు అన్నా. ఆయన అయిపోయేదాంక నిన్ను ఆపింది. లేకుంటే మీరిద్దరు చెరొకటి రాసి, ఒకలది పోతుండె."

"గట్లనా" అన్నాడు గానీ, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీయలేదు.

ఉప్పలయ్య పుండు మానింది. గౌతమి ఆయన్ను మళ్లీ పిలిపించింది. ఈసారి కొత్తగా వచ్చిన స్కానర్‌తో కాలు చుట్టూ తిప్పి ఆకారం తీసింది. స్కానర్ నుంచి వచ్చే ఫైలుకు రోగి పేరు పెట్టి, సర్వర్‌లో సరైన ఫోల్డరులో వేసే చిన్న ప్రోగ్రాం ఎలిజబెత్ రాసింది. ఆ ప్రోగ్రాం అంటే ఆమెకు కాస్త గర్వం కూడా. మిల్లు మూతపడ్డాక, ఒకరికి పనికొచ్చేలా ఆమె రాసిన మొదటి ప్రోగ్రాం అది.

పృథ్వీ కొత్త స్కాన్ మీద డిజైన్ గీసి అదే ఫైలులో సేవ్ చేశాడు. నరేందర్ షెడ్డులో ఉప్పలయ్య పేరు వెతికి, మిషన్‌కు ఇచ్చాడు. మిషన్ అచ్చు చెక్కింది. ప్లాస్టిక్ కాగబెట్టే ముందు గౌతమి వచ్చి అచ్చు చుట్టూ టేపు పెట్టింది. మొదటిసారి దెబ్బతిన్నాక పెట్టుకున్న అలవాటు అది. టేపు చూసింది. మళ్లీ పెట్టింది.

"ఇది పాత కొలత" అంది నెమ్మదిగా.

నరేందర్ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు. "నేను మొదటి దినమే చెప్పిన. కంటికి కనపడని పెట్టెల పెడితే గిట్లనే ఉంటది. ఇదైతే నా చేతులుంటది."

రామచంద్రరావు కూడా వచ్చాడు. ఆయన ఎలిజబెత్ వైపు చూశాడు. ఆమె చెవులు వేడెక్కాయి. పొద్దున ఉప్పలయ్య వెళ్తూ వెళ్తూ "ఈసారి పక్కా గద చెల్లె?" అని అడిగితే, "పక్కా అన్నా" అని చెప్పింది తనే.

"సార్, పెన్‌డ్రైవ్‌లకు మళ్లా పోయే ముందు నాకు జర టైమియ్యండ్రి. ఏమైందో నాకు తెల్వాలె" అంది.

"తెలుసుకో. అప్పటిదాంక ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు" అన్నాడాయన.

పృథ్వీ కంప్యూటర్‌లో తెరిస్తే కొత్త డిజైనే వచ్చింది. నరేందర్ మిషన్ దగ్గర అదే పేరు తెరిస్తే పాతది వచ్చింది. ఒకే ఫోల్డరు, ఒకే పేరు, రెండు ఆకారాలు. అలా ఎలా కుదురుతుంది? సర్వర్‌నే తప్పుపట్టబోయి ఆగింది. మెట్ల కిందికి పోయి, పీట వేసుకుని, సర్వర్ నల్ల స్క్రీన్ మీద ఆ ఫోల్డరులో ఏమేం ఉన్నాయో చూపించమంది.

ఉప్పలయ్య పేరుతో రెండు ఫైళ్లున్నాయి. ఒకటి ఇంగ్లిష్ పెద్ద అక్షరంతో మొదలైంది. అది వాపు నాటి పాత ఫైలు, ఉన్న ఫైళ్లన్నీ సర్వర్‌లోకి ఎక్కించిన రోజున గౌతమి విండోస్ నుంచి వేసింది. రెండోది మొత్తం చిన్న అక్షరాల్లో ఉంది. అది తన ప్రోగ్రాం పెట్టిన పేరు.

ఎలిజబెత్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత నవ్వింది. యూనిక్స్‌కు పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. దాని లెక్కలో ఆ రెండూ ఇద్దరు మనుషులు. విండోస్‌కు ఆ తేడా లేదు, ఎలా రాసినా ఒకే మనిషి. షెడ్డులో మిషన్‌ను నడిపే పాత ప్రోగ్రాం ప్రతి పేరునూ పెద్ద అక్షరాల్లోకి మార్చి అడుగుతుంది. అచ్చం అలాంటి పేరు సర్వర్‌లో లేదు. విండోస్‌కు నచ్చేలా నడుచుకోవాలి కాబట్టి, ముందు కంటపడ్డ ఉప్పలయ్యను సాంబా తెచ్చి ఇచ్చింది. ముందు కంటపడింది పాతవాడు. సర్వర్, డెస్క్‌టాప్, సాంబా, ఎవరి పద్ధతిలో వాళ్లు సరిగ్గానే ఉన్నారు. రెండు పద్ధతుల మధ్య కూర్చున్న తను ఆ సంగతి ముందే ఆలోచించాల్సింది.

షెడ్డులోకి పోయి అందరి ముందూ అదే చెప్పింది. "నా తప్పే. పేరు పెట్టేది నా ప్రోగ్రాం. ఉన్నదాన్ని చూసుకోకుండ పక్కన ఇంకోటి పెట్టింది. ఇయ్యాల సరిజేస్త."

నరేందర్ గడ్డం గోక్కున్నాడు. "అంటే పెద్ద ఉప్పలయ్య, చిన్న ఉప్పలయ్య అని ఇద్దరున్నరా నీ పెట్టెల?"

"ఉండిరి. ఇగ ఉండరు."

"నేను పెన్‌డ్రైవే పెట్టుకుంట అంటే?"

ఎలిజబెత్ కోపం తెచ్చుకోలేదు. "అన్నా, పోయినసారి తప్పయితే ఎక్కడైందో దొరకబట్టనీకి మనకు సాతకాలే. నాలుగు దిక్కుల నాలుగుండె. ఈసారి పొద్దున తప్పయింది, అన్నం టైముకు దొరికింది. అన్నీ ఒక్క కాడ ఉన్నయి కాబట్టే."

నరేందర్ బల్ల మీది పెన్‌డ్రైవ్‌ను అందుకున్నాడు. ఏమనుకున్నాడో, దాన్ని రామచంద్రరావు చేతిలో పెట్టి, "మీ కాడుంచుండ్రి సార్. నా జేబుల ఉంటే చెయ్యి అటే పోతది" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమె పేర్ల పద్ధతే మార్చేసింది. ఫైళ్లకు ఎవరూ చేత్తో పేరు పెట్టనక్కర్లేదు. ప్రతి రోగికీ ఒక నంబరు ఇచ్చి, సర్వరే పేరు పెడుతుంది, అదీ చిన్న అక్షరాల్లో. స్కానర్ నుంచి వచ్చిన అసలు కొలతలను అందరూ చూడొచ్చు, ఎవరూ చెరపలేరు. డిజైన్ ఫోల్డరులో రాయడానికి పృథ్వీకి, గౌతమికి అనుమతి. షెడ్డుకు పోయే ఫోల్డరులో ఒక రోగికి ఒకే ఒక్క ఫైలు, గౌతమి సరే అన్నది మాత్రమే. పాతవి పోవు, వేరే అరలోకి జరుగుతాయి. నరేందర్ మిషన్ దగ్గర కూర్చుని, అతను అడిగిన ప్రతి పేరునూ పెద్దగా, చిన్నగా, కలిపి, విడగొట్టి తెరిచి చూపించింది. ప్రతిసారీ అదే ఆకారం వచ్చింది. అతను ఇంకో రకంగా కూడా కొట్టమన్నాడు. అదీ కొట్టింది.

"సాలు తీ" అన్నాడు చివరికి. "చెక్కుదాం."

అచ్చు వచ్చింది. గౌతమి టేపు పెట్టి తలూపింది. నరేందర్ ప్లాస్టిక్ కాగబెట్టి, అచ్చు మీద పరిచి, చల్లారేదాకా దాని దగ్గరి నుంచి కదల్లేదు.

ఉప్పలయ్యను పిలిపించిన రోజు ఆయనతోపాటు సత్తమ్మ, ఆమె తమ్ముడు రమేష్ వచ్చారు. గౌతమి ఆయన కాలికి మెత్తటి మేజోడు తొడిగి, దాని మీద కొత్త కాలు ఎక్కించింది. రెండు ఇనప కడ్డీల మధ్య నిలబెట్టింది. ఉప్పలయ్య కడ్డీలు గట్టిగా పట్టుకుని, బరువంతా చేతుల మీదే ఉంచాడు.

"కాలు మీద ఆనుండ్రి. నొప్పి లేస్తే చెప్పుండ్రి, ఓర్చుకోవద్దు" అంది గౌతమి.

ఆయన కళ్లు మూసుకుని మెల్లగా ఆనాడు. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. నొప్పి కోసం ఎదురుచూసినట్టు ఉంది ఆ మొహం. అది రాలేదు. కళ్లు తెరిచాడు. ఒక అడుగు వేశాడు. ఇంకోటి. కడ్డీల చివరికి పోయి వెనక్కి తిరగబోతూ, ఒక చెయ్యి వదిలేశాడు.

"ఏమయ్యా, పైలం!" అని అరిచింది సత్తమ్మ.

"ఆగవే. ఏం గుచ్చుతలేదు." ఆయన రెండో చెయ్యి కూడా వదిలాడు. ఒక్కసారి ఒరిగి, నిలదొక్కుకుని, ఎవరి సాయం లేకుండా నిలబడ్డాడు. "నా కాలు లెక్కనే ఉన్నది" అన్నాడు. సత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎలిజబెత్ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. నరేందర్ ఆమె పక్కకు వచ్చాడు. "చెల్లె, ఆ కొత్త కేసు, ఘట్‌కేసర్ పిల్లది, ఫైలు ఇంక నా ఫోల్డర్ల పడలే. ఎప్పుడు పడ్తది?"

ఆమె అతని వైపు తిరిగి నవ్వి, "పొద్దుగూకేలోపల పడ్తది అన్నా" అంది.

ఆ తర్వాత ఆ వర్క్‌షాపులో పెన్‌డ్రైవ్ కనపడితే గొడవ చేసేది నరేందరే. ఒకసారి ఎవరో కంపెనీ మనిషి మిషన్ రిపేరుకు వచ్చి జేబులోంచి తీయబోతే, "ఈడ గవి నడవయి. ఏమన్న ఉంటే సర్వర్ల పెట్టిపియ్యి" అన్నాడట. మిషన్‌లో ఫైలు తెరవగానే మొదటి నుంచి చివరిదాకా నంబరు చదువుకోవడం కూడా అలవాటు చేసుకున్నాడు. ఉప్పలయ్య కొన్నాళ్లు నడక సాధన చేసి షాపు మళ్లీ తెరిచాడు. బరువైన లారీ టైర్లు రమేష్ ఎత్తుతాడు, మిగతాదంతా ఉప్పలయ్యే నిలబడి చేసుకుంటాడు. అటు వైపు పోయినప్పుడు శామ్యూల్ తన బస్సు టైర్లలో గాలి అక్కడే పట్టిస్తాడు.

ఎలిజబెత్ టేబుల్ రిసెప్షన్ నుంచి మెట్ల పక్క గదిలోకి మారింది. ఫోన్లు ఎత్తడానికి కామాక్షి అనే అమ్మాయి చేరింది. హృషికేశ్ సార్ నంబరు ఎలాగో సంపాదించి, ఒక రోజు ఎలిజబెత్ ఫోన్ చేసింది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం కథ చెబితే ఆయన చాలాసేపు నవ్వాడు. తను కూడా వయసులో ఉండగా అచ్చం అదే గోతిలో పడ్డానన్నాడు. "మరి నాకు ముందే చెప్పాలె గద సార్!" అంటే, "పడితేనే గుర్తుంటుందమ్మా" అన్నాడు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి పాట పాడుకుంటూ వచ్చిందని శాంతయ్య అల్లుడికి చెప్పాడు.

ఈ మధ్యనే రామచంద్రరావు మేడిపల్లిలో కొలతలు తీసే చిన్న కేంద్రం తెరిచాడు. ఘట్‌కేసర్, అన్నోజిగూడ వైపు వాళ్లు చంకకర్రల మీద నాచారం దాకా రానక్కర్లేకుండా. అక్కడి కంప్యూటర్‌ను నాచారం సర్వర్‌కు కలిపే పని ఎలిజబెత్‌దే. ఇంటర్నెట్ మీద, బయటివాళ్లు చూడలేని దారి ఒకటి వేసుకోవాల్సి వచ్చింది. అది కొత్త పని. పుస్తకాలు చదివింది, రెండుసార్లు చెడగొట్టింది, మూడోసారి కుదిరింది.

అక్కడ చేరిన ఆమని, కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన పిల్ల, మొదటి రోజు బెరుకుగా అడిగింది. "అక్కా, నేను తీసిన కొలతలు నాచారం ఎట్ల పంపాలె? మెయిలా, వాట్సాపా?"

"ఏం పంపకు. స్కాన్ తీసి ఈ బటన్ నొక్కు."

ఆమని నొక్కింది. ఎలిజబెత్ ఫోన్ తీసి నాచారం షెడ్డుకు కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది.

"నరేందరన్నా, ఏమన్న వచ్చిందా?"

అవతల మిషన్ చప్పుడు ఆగింది. కాసేపటికి నరేందర్ నంబరు గట్టిగా చదివాడు, చివరిదాకా. "కుడికాలు. మోకాలి కింద. గదేనా?"

ఆమని తన స్క్రీన్ చూసుకుని, "గదే అన్నా" అంది. ఆమె మొహం విప్పారింది. బయట బెంచీ మీద ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఆమని లేచి, తలుపు తీసి, ముందున్నవాళ్లను లోపలికి రమ్మంది.